ఏడో కత్తి

పొద్దున ఏడింటికీ మధ్యాహ్నం రెండింటికీ
కుహ్మొ బడిపిల్లల్ని బస్సులో తిప్పుతాను.
మిగతా చీకటంతా నాది.
నవంబరులో అది బోలెడుంటుంది.

ఆవిరిస్నానాల గది వెనక, కట్టెలు పేర్చే కొట్టంలో
ఒక బల్ల, ఒక వైసు, మూడు ఆకురాళ్ళు,
నూనె మరకల స్వెట్టరు.
నలభై తొమ్మిదో ఏట మొదలెట్టిన పని.
ఇంకా చెయ్యి తిరగలేదు.

మొదటి కత్తికి పిడి
ఆరీ ఆరని కొయ్యతో చేశాను.
క్రిస్మస్ లోపలే, పొయ్యి పక్కన, నిలువునా నోరు తెరిచింది.
రెండోదానికి ఇత్తడికీ కొయ్యకీ మధ్య
గోరు పట్టేంత సందు.
రంపప్పొట్టు జిగురులో కలిపి పూడ్చాను.
ఓయివా దాన్ని దీపం దగ్గర తిప్పి చూసి
"అబద్ధం బాగానే ఆరింది" అన్నాడు.
మూడోదాని సంగతి చెప్పను.
నాలుగోది చెల్లెలు అయ్లాకిచ్చాను,
పాల డబ్బాల మూతులు కోస్తోంది దాంతో.
ఐదూ ఆరూ చలికాలపు సంతలో అమ్మాను కూడా.
కొన్నవాళ్ళు ఒక్క వంకా పెట్టలేదు.
రాత్రంతా నాకే కనిపించాయి వంకలు.

ఏడోదానికి విసా కొయ్య దొరికింది.
బర్చే, కానీ తిన్నగా పెరగడం చేతకాని బర్చ్.
పక్క చెట్లు ఆకాశం కోసం పరుగెడుతుంటే
ఇది పొట్టిగా, బుడిపెలు కట్టి,
తనలో తనే మెలికలు పడుతుంది.
కోస్తే లోపల గోధుమరంగు మంటలు,
మంచులో పిట్ట నడిచిన గుర్తులు,
కాగిన పాలమీద ముడతపడే మీగడ.
చెట్టుకి ఎక్కడెక్కడ నొప్పెట్టిందో
అక్కడక్కడ బొమ్మ.

తోక దూరేందుకు బెజ్జం తొలిచాను.
ఇత్తడి, బర్చ్ బెరడు, రెయిన్‌డీర్ కొమ్ము, మళ్ళీ బెరడు,
ఆ తర్వాత కొయ్య.
గరుకు ఆకురాయి, మెత్తది, ఉప్పుకాగితం.
తడిపి, ఆరబెట్టి,
లేచిన నూగుని మళ్ళీ పడుకోబెట్టి.
అవిసె నూనె తగలగానే
మంటలు ఒక్కసారిగా అంటుకున్నాయి.
"అబ్బ" అన్నాను గట్టిగా.
వినడానికి కట్టెలు తప్ప ఎవరూ లేరు.

అలుగు మాత్రం నాది కాదు, చెప్పాలి కదా.
ఓయివా కొలిమిలో ఓయివా సాగగొట్టి
నీరు పెట్టింది అది.
ఉక్కు దగ్గరికి నన్నింకా రానివ్వలేదు.
"ముందు చేతికేం కావాలో నేర్చుకో,
నిప్పుకేం కావాలో తర్వాత."

నా పేరులో మొదటి అక్షరంతో ఒక ముద్ర
నిరుడే చేయించుకున్నాను, ఆశకొద్దీ.
జేబురుమాల్లో చుట్టి సొరుగులో ఉంది.

ఆదివారం తీసుకెళ్ళాను.
ఎనభై మూడేళ్ళాయనకి. కళ్ళలో మంచు దిగింది.
ఈసారి దీపం దగ్గరికి వెళ్ళలేదు.
కళ్ళు మూసుకుని పిడిమీద బొటనవేలు నడిపించాడు.
చూపుడువేలు వంగే చోట ఆగాడు.
వెనక్కెళ్ళాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.
"ఇక్కడ తొందరపడ్డావు."

నిజమే. ఆ రాత్రి ఫోను మోగింది,
బస్సులో ఎప్పుడూ వెనక సీట్లో కూర్చునే హిల్లా
ఇంకా ఇల్లు చేరలేదని.
(దొరికింది. స్నేహితురాలి ఇంట్లో నిద్రపోయింది.)
తిరిగొచ్చి, వణుకు తగ్గకుండానే ఆకురాయి పట్టాను.
నాలుగైదు తోపులు, అంతే.
కంటికైతే ఆనవు.

"తీసేసి మళ్ళీ చెయ్యనా?"
జవాబు చెప్పలేదు.
బల్లమీదున్న రై రొట్టె దగ్గరికి లాక్కుని కోశాడు.
ముక్కలు ఒకటి మందం, ఒకటి పలచన.
వెన్న రాసి మందంది నాకిచ్చాడు.
సరస్సు మీద మంచు ఎంత గట్టిపడిందో మాట్లాడుకున్నాం,
వాళ్ళ కోడలి మోకాలి ఆపరేషన్ గురించి కూడా.

నేను కోటు తొడుక్కుంటుంటే
కత్తిని తుడిచి, నడుముకున్న పాత ఒరలో దోపుకున్నాడు.
దానికి చేసిన ఒర కాదది,
సగం దిగి ఆగిపోయింది,
విసా మంటలు పైకి కనిపిస్తూ.
మర్చిపోయాడేమో.
నేను అడగలేదు.

బయట మైనస్ ఇరవై రెండు.
చేతి తొడుగు తీసి కారు తాళాలు వెతుక్కుంటుంటే
బొటనవేలు తనంతట తానే
తాళంచెవి అంచు తడుముతోంది.
ఎనిమిదోదానికి తెచ్చిన కొయ్య
ఇంకో నెల ఆరాలి.